తెల్ల ఓడకు ఒక వత్తి

మా పుట్టింట్లో ఎవరైనా ఊరికి బయలుదేరితే గడప దగ్గర నిలబడి చెయ్యి ఊపే పద్ధతి లేదు. వెంట నడవాలి. ధర్మసాగర్‌లో మా ఇంటి నుంచి బస్సు ఆగే చోటు దాకా మా అవ్వ, అంటే మా అమ్మ, చుట్టాల సంచి పట్టుకుని నడిచేది. బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడేది. ఆ తర్వాతే ఇంట్లో చీపురు పట్టాలి. పోయే మనిషి కొంత దూరమైనా ఒంటరిగా ఉండకూడదని ఆమె నమ్మకం.

మా తమ్ముడు ఓడ మీద వంట పనికి పోయేటప్పుడు మేము కాజీపేట స్టేషన్ దాకా పోయాము. నేను, మా ఆయన, తమ్ముడి భార్య. రైలు కదిలినప్పుడు ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను. ఆ తర్వాత వాడి వెంట ఎవరున్నారు? రైలులో నలుగురు ఉంటారు, విమానంలో ఉంటారు. సముద్రం మీద ఎవరు తోడు నడుస్తారు? ఆ మాటే రోజుల తరబడి నా మనసులో తిరిగింది.

నా గురించి రెండు మాటలు చెప్పాలి. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నేను బడికి పోలేదు. మా నాయిన నన్ను పొలం గట్టు మీద కూర్చోబెట్టి పాత పేపర్లతో అక్షరాలు నేర్పాడు. అందుకే నేను ఏది చదివినా నింపాదిగా, అక్షరం విడవకుండా చదువుతాను. పెళ్లయి వరంగల్ చౌరస్తాకు వచ్చాను. మా ఆయనది పసుపు, కుంకుమ, అగరొత్తులు అమ్మే చిన్న దుకాణం. ఇంట్లో కూర్చుని దూది వత్తులు చేయడం నా పని. కాలు సరిగ్గా నడవనివ్వకపోయినా దేవుడు నాకు మంచి వేళ్లు ఇచ్చాడు. దానికి ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను.

అవ్వ, నాయిన ఇద్దరూ పోయారు. నాకు పుట్టిల్లు అంటే ఇప్పుడు తమ్ముడే. మా దగ్గర ఆడపిల్లకు ఒడిబియ్యం పోసే ఆచారం ఉంది. పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యాన్ని, కుడుకలు అనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, రవికె గుడ్డతో పాటు రెండు చేతుల దోసిళ్లతో ఆడపిల్ల ఒడిలో పోస్తారు. పెళ్లయ్యాక బేసి ఏడాదుల్లోనే పోస్తారు, సరి ఏడాది పనికిరాదు. అవ్వ ఉన్నప్పుడు పోసింది. ఆమె పోయాక ఇది మొదటిసారి. శ్రావణానికి వచ్చి నీ ఒడి నింపుతా అక్కా అని తమ్ముడు మాట ఇచ్చి ఓడ ఎక్కాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న మా మరదలు బియ్యం అప్పుడే ఏరి డబ్బాలో పోసి పెట్టుకుంది.

తమ్ముడి ఓడ మలేసియా వైపు ఒక రేవు నుంచి తిరుగుతుంది. సముద్రం అడుగున చమురు ఉంటుందట. దాన్ని తోడడానికి నీళ్లలో కాళ్లు దించి ఇనుప మంచె లాంటిది కట్టారట. జొన్నచేనులో పిట్టలు తోలేవాడు మంచె మీద ఉన్నట్టు పనివాళ్లు దాని మీదే ఉంటారు. వాళ్లకు బియ్యం, కూరలు, మంచినీళ్లు, పైపులు మోసుకుపోయే ఓడ ఇది. ఆ ఓడలోని వాళ్లందరికీ మా వాడు వంట చేస్తాడు. ఇదంతా వాడు ఫోన్లో చెబితే నాకు తెలిసింది.

సిగ్నల్ దొరికినప్పుడల్లా ఫోటోలు పంపేవాడు. ఒకదాంట్లో గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డాడు. ఇంకోదాంట్లో ఉప్మా గిన్నె చూపిస్తున్నాడు. నేను ఫోటోలను కూడా చదివినట్టే చూస్తాను, మూలలు విడవకుండా. అట్లా చూస్తే ప్రతి ఫోటోలోనూ వాడి వెనుక దూరంగా ఒక ఓడ కనబడింది. పెద్దది, తెల్లగా ఉంది. ముందు భాగాన ఏటవాలుగా ఎర్రటి పట్టీ. గుమ్మడికాయ వెనుక ఉంది, ఉప్మా గిన్నె వెనుక ఉంది, వాడు బట్టలు ఆరేసుకుంటుంటే తాడు కింద ఉంది.

తెల్ల బండికి ఎర్ర పట్టీ అంటే మాకు ఒకటే అర్థం. దవాఖాన బండి. మా ఇంటి ముందు నుంచే పెద్ద దవాఖానకు రోజూ పోతుంటాయి. సముద్రం మీద కూడా అట్లాంటివి ఉంటాయన్నమాట, ఎవరికన్నా ఏమన్నా అయితే ఆదుకోవడానికి ఒక ఓడను వెంట నడిపిస్తున్నారన్నమాట అనుకున్నాను. మా అవ్వ సంచి పట్టుకుని బస్సు దాకా నడిచినట్టు, ఎవరో పుణ్యాత్ములు మా తమ్ముడి వెంట నడుస్తున్నారు. నా కళ్లు నిండాయి.

ఆ సాయంత్రం నుంచి దేవుడి దగ్గర ఇంకో ప్రమిద పెట్టాను. ఒకటి ఇంటికి, ఒకటి తమ్ముడికి, మూడోది ఆ తెల్ల ఓడకు. మంచి దూది తీసి, గట్టిగా నులిమి, ఎక్కువసేపు వెలిగే వత్తి చేసేదాన్ని. చల్లగా ఉండండి నాయనా, మా పిల్లవాణ్ని విడవకండి అని మొక్కుకునేదాన్ని.

తమ్ముడితో ఈ మాట ఫోన్లో చెప్పాను. వాడు నవ్వాడు.

“పెట్టు అక్కా,” అన్నాడు. “వాళ్లు మమ్మల్ని ఇడిచిపెట్టేటట్టు లేరు గని.”

నాకు ఎంతో సంతోషమయ్యింది. మా ఆయనకు కూడా చెప్పాను, వాళ్లు విడవరట అని.

ఎండలు ముదిరిన తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చి టీవీ పెట్టాడు. నేను కూర వడ్డిస్తున్నాను. వార్తల్లో సముద్రం కనబడింది. ఒక చిన్న చెక్క పడవ, దాని మీద చేపలు పట్టేవాళ్లు. దాని పక్కన కొండలా ఒక తెల్ల ఓడ. ఎర్ర పట్టీ. ఆ ఓడ మీది నుంచి పెద్ద గొట్టంతో నీళ్లు కొడుతున్నారు. పడవలోని మనుషులు బోర్లా పడుకుని పడవ అంచు పట్టుకున్నారు. పడవ అద్దాలు పగిలాయి. చైనా కాపలా ఓడ అని చెబుతున్నారు. చుట్టుపక్కల దేశాలన్నీ తమవి అంటున్న నీళ్లలో చైనా బలప్రదర్శన అని కింద అక్షరాలు పోతున్నాయి. అక్షరం విడవకుండా చదివాను.

గరిటె చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన టీవీని చూశాడు, నన్ను చూశాడు, దేవుడి అరను చూశాడు. ఆయనకు ఎగతాళి ఎక్కువ. కానీ ఆ రోజు నా చేతిలోంచి గరిటె తీసుకుని తానే వడ్డించుకున్నాడు.

రెండు రోజులకు తమ్ముడు ఫోన్లో దొరికాడు. నేను తిట్టలేదు, ఏడవలేదు. అది దవాఖాన ఓడ కాదట కదా అని మాత్రం అడిగాను. వాడు మెల్లగా ఒక్కొక్కటీ చెప్పాడు. చైనా వాళ్లు మ్యాప్ మీద గీత గీసుకుని ఆ సముద్రంలో చాలా భాగం మాదే అంటారట. ఒక పెద్ద కోర్టు ఆ గీత చెల్లదని చెప్పినా వినరట. ఇక్కడ తవ్వొద్దు, పొండి అని రోజూ రేడియోలో చెబుతారట. ఇది మా నీళ్లే అని మలేసియా ఓడ బదులు చెబుతుందట. వీళ్ల దగ్గర కాల్చరు, టీవీలో లాగా నీళ్లు కొట్టరు. అడ్డం వస్తారు, చుట్టూ తిరుగుతారు, దగ్గరికి వచ్చి అలలు లేపుతారు. ఈ పని నడిపేవాళ్లకు విసుగొచ్చి వాళ్లంతట వాళ్లు వెళ్లిపోవాలని.

నాకు పూర్తిగా అర్థం కాలేదు. నీళ్లలో గట్టు ఎక్కడుంటుంది, ఏది ఎవరిదో ఎట్లా తెలుస్తుంది అన్నాను.

“మన పొలం పక్కాయన యాదికున్నడా అక్కా?” అన్నాడు తమ్ముడు. “గట్టు చెక్కేటాయన. గట్లనే.”

అప్పుడు అర్థమయ్యింది. ఆయన మా నాయిన పొలం పక్కన ఉండేవాడు. ఊళ్లో బలం, బలగం ఉన్న మనిషి. దున్నినప్పుడల్లా నాగలి కొద్దిగా ఇటు జరిపి మా గట్టును సన్నగా చెక్కేవాడు. ఒక్క దుక్కికి కనబడదు. ఆ కొద్దికే ఊరంతా పిలిచి పంచాయితీ పెడితే నవ్వుతారు. పెట్టకపోతే నాలుగేళ్లకు గట్టు మొత్తం అటు పోతుంది. మా నాయిన కొట్లాడలేదు. కొట్లాడే బలం లేదు కూడా. రోజూ పొద్దున్నే లేచి పోయి ఆ గట్టు మీద నిలబడేవాడు. నన్ను కూర్చోబెట్టి అక్షరాలు చెప్పింది ఆ గట్టు మీదే. చెక్కిన చోట తడిమట్టి తెచ్చి మెత్తేవాడు. ఆయన మళ్లీ చెక్కేవాడు, నాయిన మళ్లీ మెత్తేవాడు. గట్టు కోసం కూర్చోబెట్టాడో చదువు కోసమో కానీ నాకు మాత్రం చదువు వచ్చింది.

మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని తమ్ముణ్ని అడిగాను. “నువ్వు దీపం పెడ్తా అంటే ఎట్ల చెప్పాలె?” అన్నాడు. “నేను మంచిగనే ఉన్న. ఫికర్ చెయ్యకు. శ్రావణానికి వస్తాన.”

ఆ సాయంత్రం మూడో ప్రమిద కడిగి బోర్లించాను. వాళ్లకు చెడు జరగాలని అనుకోలేదు. అది నా నోట రాదు. కానీ మా పిల్లవాణ్ని తరిమేవాళ్లకు మంచి దూదితో వత్తి చేయడానికి చెయ్యి రాలేదు. ప్రమిద చోట గుండ్రటి నూనె మరక మిగిలింది. దాన్ని తుడవలేదు.

తర్వాత కొన్ని వారాలకు, పొద్దున పది దాటాక, మరదలు ఫోన్ చేసింది. ఆ పిల్ల మాట ఎప్పుడూ గలగలా ఉంటుంది. ఆ రోజు ఒక్కొక్క ముక్క ఆపి చెప్పింది.

“వదినె, ఆయనకు చెయ్యి కాలిందట. పాణానికి ఏం కాలేదు. పాణానికి ఏం కాలేదు వదినె.”

జరిగింది తర్వాత తెలిసింది. తమ్ముడి ఓడ సామాన్లతో మంచె వైపు పోతుంటే తెల్ల ఓడ ముందుకు అడ్డం వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే. ఆ రోజు మరీ దగ్గరికి వచ్చింది. ఢీకొట్టకుండా కెప్టెన్ ఓడను ఒక్కసారిగా తిప్పాడు. కింద వంటగదిలో మా వాడు పూరీలు వేస్తున్నాడు. గిన్నెలు జారకుండా పొయ్యి చుట్టూ ఇనుప కడ్డీలు ఉంటాయట. కానీ నూనె మాత్రం పొంగి ఒక పక్కకు వచ్చి కుడిచేతి మీద పడింది. పక్కనున్న పనివాణ్ని ఎడమచేత్తో వెనక్కి తోసి తాను పక్కకు జరిగాడు. ముఖం దక్కింది, కళ్లు దక్కాయి. రేవులో దవాఖానలో పెట్టి, కొంచెం తగ్గాక ఇంటికి పంపారు.

కాజీపేటలో రైలు దిగినప్పుడు ముందు వాడి కళ్లు చూశాను. తర్వాత చెయ్యి చూశాను. మోచేతి కింది నుంచి వేళ్ల దాకా కట్టు. నేను అక్కడే ప్లాట్‌ఫారం మీద తూర్పు తిరిగి దండం పెట్టుకున్నాను. మా ఆయన జనాన్ని పక్కకు జరుపుతూ నిలబడ్డాడు.

కట్టు విప్పాక అసలు భయం మొదలయ్యింది. పుండు మానుతోంది కానీ చర్మం బిగుసుకుపోతోంది. వేళ్లు సగం ముడుచుకుని అట్లాగే ఉండిపోయాయి. విచ్చుకోవు, మూసుకోవు. దవాఖానలో డాక్టరమ్మ రోజూ వేళ్లకు పని చెప్పాలని, నొప్పి అని ఊరుకుంటే చెయ్యి అట్లాగే నిలిచిపోతుందని చెప్పింది. వంటవాడికి చెయ్యి పోతే ఏముంటుంది? వాడు ఆ మాట అనలేదు. కానీ మా ఇంట్లో అన్నం తినేటప్పుడు గోడ వైపు తిరిగి ఎడమచేత్తో చెంచా పట్టుకునేవాడు. ఎడమచేత్తో తింటే మాకు తప్పని వాడికి తెలుసు. మా ఆయన కూడా ఒక చెంచా తెచ్చుకుని దాంతో తినడం మొదలుపెట్టాడు, పళ్లు నొస్తున్నాయని. పంటికీ చెంచాకూ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి. ఆ మనిషిని నాకు ఇచ్చినందుకు కూడా దేవుడికి దండం పెట్టుకుంటాను.

డాక్టరమ్మ పిండి పిసకమంది, బంతి నొక్కమంది. వాడికి రెండూ విసుగే. ఒక రోజు నేను వత్తులు చేస్తుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. దూది కొంచెం తుంచి వాడి చేతిలో పెట్టాను. దూది మెత్తగా ఉంటుంది, నొప్పి పెట్టదు. కానీ వత్తి కావాలంటే బొటనవేలు, చూపుడువేలు కలవాలి, కొంచెం రుద్దాలి. వాడి వేళ్లు కలవలేదు. దూది కింద పడింది. మళ్లీ తీసి ఇచ్చాను. నా వత్తులు నేను చేసుకుంటూ పోయాను.

అట్లా మధ్యాహ్నాలన్నీ గడిచాయి. మరదలు ఘన్‌పూర్ నుంచి వచ్చి మాతో ఉంది. వాడు చేసినవి వత్తుల్లా లేవు. కొన్ని ఉండల్లా, కొన్ని జడల్లా ఉండేవి. నీ వత్తులు దుకాణంలో పెడితే గిరాకీలు మళ్లీ రారు బామ్మర్దీ అని మా ఆయన అనేవాడు. నీ దుకాణానికి ఇప్పుడు ఎవరొస్తున్నరు బావా అని వీడు అనేవాడు. చాలా రోజుల తర్వాత ఇల్లు నవ్వింది.

ఒక రోజు వాడు దేవుడి అర దగ్గర నూనె మరక చూశాడు. మూడోది తీసేసినవా అన్నాడు. తీసేశానన్నాను. వాడు కాసేపు దూది నులిమి, తర్వాత ఒక సంగతి చెప్పాడు.

ఒక పొద్దున తెల్ల ఓడ బాగా దగ్గరగా వచ్చి ఆగిందట. వీడు కూరగాయల తొక్కలు పారేయడానికి డెక్ మీదికి పోయాడు. సరిగ్గా అప్పుడే ఆ ఓడ వెనుక వైపు ఒక మనిషి వచ్చాడు. నడుముకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు, చేతిలో బకెట్టు. వాడు కూడా ఏదో పారబోశాడు.

“వంటోడే అక్కా. నిలబడ్డ తీరు చూస్తె తెలుస్తది.”

“చెయ్యి ఊపిండా?”

“లేదు. నేను సుత ఊపలే. చూసుకున్నం. ఎవని వంట కాడికి వాడు పోయినం.”

నాకు మా నాయిన యాదికి వచ్చాడు. గట్టు చెక్కే ఆ పక్కాయన ఇంట్లో అందరికీ జ్వరాలు వచ్చినప్పుడు మా అవ్వ గంజి కాచి ఇస్తే మా నాయినే తీసుకుపోయి ఇచ్చాడు. మర్నాడు పొద్దున మళ్లీ గట్టు మీద నిలబడ్డాడు. గంజి ఇచ్చినందుకు గట్టు వదల్లేదు. గట్టు వదలనందుకు గంజి ఆపలేదు. అప్పుడు నాకు అది మామూలు సంగతిగా అనిపించింది.

తమ్ముడు తాను చేసిన వత్తి ఒకటి ముందుకు జరిపాడు. లావుగా, ఒక పక్క ఉబ్బి, వంకరగా ఉంది.

“ఇది పెట్టు వాళ్లకు. వాళ్లకు ఇది చాలు.”

పక్కనే ఉన్న మరదలితో కలిపి ముగ్గురమూ నవ్వాము. నేను ప్రమిద తిప్పి నూనె పోసి ఆ వత్తి వేశాను. అది సరిగ్గా వెలగలేదు. పొగ వచ్చింది, చిటపటమంది, ఆఖరికి వెలిగింది. ఏం మొక్కుకోవాలో నాకు కొంతసేపు తోచలేదు. ఆ ఓడకు మేలు జరగాలని అనలేను. ఆ నీళ్లు ఎవరివో తేల్చడం నా చేతిలో లేదు. ఓడ నడిపేవాళ్లకు బుద్ధి ఇయ్యి, లోపల వంట చేసేవాడు క్షేమంగా ఇల్లు చేరేటట్టు చూడు అని మొక్కుకున్నాను. వాడికీ అక్క ఉండవచ్చు.

శ్రావణం వచ్చింది. చెయ్యి ఇంకా పూర్తిగా బాగుపడలేదు. మరదలు బియ్యం డబ్బా తెచ్చింది. వచ్చే బేసి ఏడాదికి పెట్టుకుందామా, దోసిలి పట్టకపోతే వాడు బాధపడతాడేమో అని మా ఆయనతో చాటుగా అన్నాను. ఆయన సమాధానం చెప్పేలోపే తమ్ముడు లోపలి నుంచి, నాకు ఇనబడ్తాంది అన్నాడు.

శుక్రవారం పొద్దున నన్ను పీట మీద కూర్చోబెట్టారు. కొంగు పట్టుకుని కూర్చున్నాను. మరదలు పసుపు బియ్యం పళ్లెం ఎదురుగా పెట్టి ముందు తాను పోసింది. తర్వాత తమ్ముడు వంగాడు. రెండు చేతులూ కలిపి బియ్యంలో ముంచాడు. ఎడమచెయ్యి నిండింది. కుడిచెయ్యి గిన్నెలా కాలేదు, వేళ్లు దగ్గరికి రాక ఎడంఎడంగా ఉండిపోయాయి. ఎత్తేసరికి వేళ్ల సందుల్లోంచి బియ్యం జలజలా నేల మీద పడింది. నా ఒడిలో పడింది సగమే.

వాడు చెయ్యి వైపు చూసుకున్నాడు. ఈ ఒక్క క్షణం వాడి మనసు విరిగితే చెయ్యి ఇక తిరిగి రాదనిపించింది.

“ఇంకోసారి పోస్త,” అన్నాడు. “సగం పడ్డది గద. రెండుసార్లు పోస్తె ఒకటి అయితది.”

మళ్లీ ముంచాడు. ఈసారి కుడిచేతి వేళ్లను ఎడమచేతి వేళ్ల మీద అదిమి, పళ్లు బిగబట్టి, దగ్గరికి తెచ్చాడు. దూది పట్టినట్టే పట్టాడు. అప్పుడూ కారింది. కానీ తక్కువ కారింది. మళ్లీ పోశాడు, మళ్లీ పోశాడు. ఇక చాలు బామ్మర్దీ, మీ అక్క లేవలేకపోతది అని మా ఆయన అనేదాకా పోశాడు. మా అవ్వ పోసినప్పటి కన్నా నా ఒడి ఎక్కువ నిండింది. మరదలు నేల మీది గింజలన్నీ ఏరి అవి కూడా నా కొంగులోనే వేసింది.

ఆ బియ్యం అత్తవారింట్లో వండి నలుగురికీ పెట్టాలి. పక్కింటి ఆడవాళ్లను పిలిచి ఆదివారం వండాను. అన్నం పసుపుపచ్చగా అయ్యింది. మా ఆయన అలవాటుగా చెంచా తెచ్చుకుని కూర్చున్నాడు. తమ్ముడు ఆ చెంచా వైపు చూశాడు. తర్వాత గోడ వైపు తిరగకుండా మా అందరికీ ఎదురుగా కూర్చుని, పప్పు పోసుకుని, కుడిచేత్తో కలపడం మొదలుపెట్టాడు. మెతుకులు రాలాయి. ఒక ముద్ద అయ్యింది. నోటి దాకా పోయింది.

మా ఆయన చెంచా పక్కన పెట్టేశాడు. పంటి నొప్పి తగ్గిందన్నాడు.